వంత పాడటం

మూడేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లాడు ఇంట్లో ఉంటే చుట్టుపక్కల అందరూ వైద్యులే అయిపోతారు. మేనత్త వస కొమ్ము అరగదీసి నాకించమంటుంది. పక్క ఫ్లాట్ ఆవిడ స్పీచ్ థెరపీ సెంటర్ లొకేషన్ పంపుతుంది. ఈమధ్య ఈ జాబితాలోకి మ్యూజిక్ థెరపీ కూడా చేరింది. అది మనకి రెండు రూపాల్లో తెలుసు. ఒకటి, ఫలానా రాగం ఏకాగ్రతకి, ఫలానా రాగం నిద్రకి అంటూ గంటలకొద్దీ సాగే యూట్యూబ్ వీడియో. రెండోది, థెరపీ సెంటర్‌లో తలుపు మూసిన గదిలో జరిగే సెషన్. మొదటిదానికంటే రెండోది ఎంతో నయం, అక్కడ కనీసం ఎదురుగా ఒక మనిషి ఉంటారు. కానీ రెండింటి వెనకా ఉన్న ఊహ ఒకటే: లోపం పిల్లాడిలో ఉంది, పాట మందు, డోసు సరిగ్గా పడితే గుణం కనిపిస్తుంది.

ఈ ఊహని నిలదీసిన పుస్తకం ఒకటుంది. 'వేర్ మ్యూజిక్ హెల్ప్స్', 2010లో వచ్చింది. బ్రిన్యుల్ఫ్ స్టీగె, గ్యారీ ఆన్స్‌డెల్, కోహావిత్ ఎలెఫాంట్, మెర్సెడెస్ పావ్లిచెవిచ్ అనే నలుగురు మ్యూజిక్ థెరపిస్టులు కలిసి రాశారు. నార్వే, ఇంగ్లండ్, ఇజ్రాయెల్, దక్షిణాఫ్రికా దేశాల్లో నడిచిన ఎనిమిది ప్రాజెక్టుల కథ ఇది. శీర్షికలోనే వాళ్ళ ప్రశ్న ఉంది. సంగీతం 'ఏం చేస్తుంది' అని కాక 'ఎక్కడ' సాయపడుతుంది అని అడుగుతున్నారు. ఏ గదిలో, ఏ బడిలో, ఎవరెవరి మధ్య? అకడమిక్ పుస్తకమే, అక్కడక్కడా పరిభాష బరువు తప్పదు. అయినా సాహిత్యం చదివేవాళ్ళు చదవాల్సిన పుస్తకం అనుకుంటాను. ఎందుకంటే దీని అసలు విషయం, ఒక మనిషి గొంతు ఇంకొకరికి ఎలా అందుతుంది అన్నది.

ఇందులో పెద్దవాళ్ళ కథలూ ఉన్నాయి. నేను పిల్లల దగ్గరే, వాళ్ళ ఇళ్ళ దగ్గరే ఆగుతాను.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. దీని మూలాలు 1959 ప్రాంతంలో ఉన్నాయి. పాల్ నార్డాఫ్ అమెరికన్ స్వరకర్త, పియానిస్టు. క్లైవ్ రాబిన్స్ ఇంగ్లండ్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే టీచరు. ఇద్దరూ వూస్టర్‌షైర్‌లోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల ఆశ్రమంలో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. వాళ్ళ కేసుల్లో ఎడ్వర్డ్ అనే పిల్లాడిది ఇప్పటికీ అందరూ చెప్పుకునే కథ. గదిలోకి వచ్చిన పిల్లాడు కేకలు పెడుతుంటే నార్డాఫ్ అతన్ని ఊరుకోబెట్టే ప్రయత్నం చేయలేదు. ఆ కేకల శ్రుతినే పియానో మీద పట్టుకుని దానికి జవాబిచ్చాడు. కాసేపటికి ఆ కేక పాటగా మారడం మొదలైంది.

మామూలు సెషన్‌లోనూ సూత్రం ఇదే. పిల్లాడు బల్ల మీద మూడు దెబ్బలు కొడతాడు. థెరపిస్టు అదే వేగంలో, అంతే గట్టిగా మూడు దెబ్బలు కొడుతుంది. పిల్లాడు ఆగుతాడు. ఆమె ఆగుతుంది. ఈసారి రెండు దెబ్బలు కొట్టి, మూడోది కొట్టకుండా ఖాళీ వదిలి చూస్తుంది. ఆ ఖాళీని పిల్లాడు పూరిస్తే సంభాషణ మొదలైనట్టే. మాట అక్కర్లేదు. కొలిన్ ట్రెవార్థెన్, స్టీఫెన్ మలాక్ లాంటి పరిశోధకులు తల్లీబిడ్డల ఊసులని రికార్డు చేసి విశ్లేషించి చెప్పినదీ ఇదే. నెలల పసికందు ఊకొట్టడంలోనూ ఒక లయ ఉంటుంది, వంతు ఉంటుంది, మొదలూ ఎత్తుగడా ముగింపూ ఉన్న చిన్న కథనం ఉంటుంది. భాష తర్వాత వస్తుంది.

దీనికి తెలుగులో ఒక పేరుంది. వంత. బుర్రకథలో కథకుడికి అటొకరు, ఇటొకరు డక్కీలు వాయిస్తూ నిలబడేవాళ్ళు వంతలు. కథకుడు పలికినదాన్ని అందుకుంటారు, ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు, ప్రశ్న వేసి కథని ముందుకి తోస్తారు. వంతలు లేకపోతే బుర్రకథ లేదు. కానీ ఇవాళ 'వంత పాడటం' అంటే మనకి భజన చేయడమే, ఫలానా నాయకుడికి వంత పాడుతున్నారని తిట్టడమే. బలమున్నవాడికి పాడితే ఆ తిట్టు సరిగ్గానే సరిపోతుంది. బలం లేనివాడికి, ఇంకా మాటే రానివాడికి వంత పాడటం మాత్రం కష్టమైన పని, అరుదైన పని. మ్యూజిక్ థెరపిస్టు చేసేది అదే. పిల్లాడు కథకుడు, ఆమె వంత. మరి ఆ సెషన్ ముగిశాక అతనికి వంత ఎవరు?

'కమ్యూనిటీ మ్యూజిక్ థెరపీ' అనే ధోరణి పుట్టింది ఈ ప్రశ్నలోంచే. పావ్లిచెవిచ్, ఆన్స్‌డెల్ 2004లోనే ఈ పేరుతో ఒక సంకలనం తెచ్చారు. నీళ్ళలో రాయి వేస్తే అలలు ఒకదాన్నొకటి తోస్తూ వెళ్ళినట్టు, సంగీతం గదిలోంచి వరండాకి, వరండాలోంచి వీధికి పాకుతుందనీ, దాన్ని ఆపకుండా వెంట వెళ్ళడం కూడా థెరపిస్టు పనేననీ వాళ్ళ వాదన.

ఇక్కడ అనువాదం దగ్గర ఒక చిక్కు వస్తుంది. కమ్యూనిటీని తెలుగులో ఏమనాలి? సముదాయం అంటే పుస్తకభాషలా ఉంటుంది, సంఘం అంటే మీటింగు గుర్తొస్తుంది. ఇక 'కమ్యూనిటీ' అనే మాట తెలుగులో ఇప్పటికే రెండు రకాలుగా స్థిరపడింది. హైదరాబాద్‌లో 'మా కమ్యూనిటీ' అంటే ప్రహరీ, గేటు, సెక్యూరిటీ ఉన్న అపార్ట్‌మెంట్ల గుంపు. తహసీల్దార్ ఆఫీసులో 'కమ్యూనిటీ సర్టిఫికెట్' అంటే కులం. రెండు అర్థాల్లోనూ ఎవరు లోపల, ఎవరు బయట అన్నదే ముఖ్యం. కలుపుకోవడం అనే అర్థం ఎక్కడా లేదు. ఇదేదో మన ఒక్కరి జాడ్యమూ కాదు. దక్షిణాఫ్రికాలో జాత్యహంకార ప్రభుత్వం 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద మనుషుల్ని రంగుని బట్టి ఇళ్ళు ఖాళీ చేయించింది. ఆ పని చేసిన శాఖ పేరే కమ్యూనిటీ డెవలప్‌మెంట్. అలా నగరం నుంచి వెళ్ళగొట్టినవాళ్ళని తీసుకెళ్ళి పెట్టిన చోటు కేప్‌టౌన్ బయటి ఇసుక మైదానం, కేప్ ఫ్లాట్స్. పుస్తకంలో పావ్లిచెవిచ్ రాసిన హైడెవెల్డ్ ఆ మైదానంలోనిదే.

గ్యాంగులు, తుపాకుల చప్పుడు, పేదరికం మధ్య పెరిగే పిల్లలు వాళ్ళు. 2003లో అక్కడ మ్యూజిక్ థెరపీ కమ్యూనిటీ క్లినిక్ మొదలైంది. మొదట్లో పద్ధతి మామూలుదే. టీచర్లు 'ఈ పిల్లాడు కొడుతున్నాడు', 'ఈ పిల్ల నోరు విప్పడం లేదు' అని పంపిస్తే థెరపిస్టులు ఒక్కొక్కరితోనో చిన్న గుంపుతోనో పనిచేసేవాళ్ళు. అయితే పిల్లాడు గదిలో తేరుకుని తిరిగి వెళ్ళేది ఆ వీధికే కదా. రోజూ కాల్పులు వినేవాడికి ఉలికిపాటు ఒక 'లక్షణం' ఎలా అవుతుంది? అందుకే పని విస్తరించింది. పాటబృందాలు వచ్చాయి, గ్యాంగుల అంచున ఉన్న కుర్రాళ్ళ కోసం వాళ్ళకిష్టమైన హిప్‌హాప్ వచ్చింది, ఊరంతా వచ్చి కూర్చునే కచేరీలు వచ్చాయి.

ఈ అధ్యాయంలో నన్ను ఆకట్టుకున్నది కచేరీ తాలూకు తర్కం. పిల్లాడు బాగా పాడాడా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ సాయంత్రం తల్లి, టీచరు, పక్కింటివాళ్ళు ఒకే హాల్లో కూర్చుని ఆ పిల్లాణ్ణి వేరే విధంగా చూశారు. బడిలో 'సమస్య' అని పేరు పడ్డవాడు స్టేజీ మీద తన వంతు కోసం ఓపిగ్గా ఆగాడు. ఆ దృశ్యం పిల్లాణ్ణి ఎంత మార్చిందో తెలీదు కానీ చూసినవాళ్ళని కొంత మారుస్తుంది. వైద్యం చేయించుకున్నది ఎవరు అన్న ప్రశ్న అప్పుడు తలకిందులవుతుంది.

ఎలెఫాంట్ రాసిన ఇజ్రాయెల్ కథ ఇంకాస్త సూటిగా ఉంటుంది. రానానా పట్టణంలో మామూలు బడి పిల్లల్నీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ కలిపి ఒక సంగీత బృందం చేశారు. మనం చూసే 'ఇన్‌క్లూజన్' కార్యక్రమాల్లో మొదటి రోజు ఫొటోతోనే కథ ముగుస్తుంది. ఇక్కడ మొదటి రోజుతో ఇబ్బంది మొదలవుతుంది. భయం, బెరుకు, ఎలా ప్రవర్తించాలో తెలియకపోవడం. ఈ బెరుకుని దాచకుండా దానితోనే పనిచేయాలని రచయిత్రి అంటుంది. ఈ పద్ధతిలో సాయం అవసరమైనవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. తనలాంటివాళ్ళు కానివాళ్ళతో ఎన్నడూ ఆడుకోని పిల్లాడికి కూడా ఒక లోటు ఉన్నట్టే కదా. ప్రాజెక్టు ముగిసే సమయానికి నిజంగా ముగించాల్సిందేనా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్ననే ఆమె అధ్యాయానికి పేరుగా పెట్టుకుంది.

ఇంతవరకూ బాగుంది. కానీ మంచి కథలు చెప్పడం ఏ రంగానికైనా సులువు. రుజువుల సంగతేంటి?

2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. తొమ్మిది దేశాలు, ఆటిజం ఉన్న 364 మంది పిల్లలు, వయసు నాలుగు నుంచి ఏడు. కొందరికి మామూలు సంరక్షణతో పాటు అయిదు నెలలు మ్యూజిక్ థెరపీ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఆ సంరక్షణ మాత్రమే. ఏ పిల్లాడు ఏ గుంపులో ఉన్నాడో తెలియని పరీక్షకులు కొలిచారు. సామాజిక లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఈ రంగంలో ఉన్నవాళ్ళకి అది చల్లని నీళ్ళు కుమ్మరించినట్టే అయి ఉంటుంది.

దీని పక్కనే ఇంకో చిన్న అధ్యయనం పెట్టి చూడండి. ఆస్ట్రేలియాలో గ్రేస్ థాంప్సన్ బృందం 2014లో ప్రచురించింది. తీవ్రమైన ఆటిజం ఉన్న 23 మంది పసిపిల్లలు, మూడు నుంచి అయిదేళ్ళ లోపువాళ్ళు. తేడా ఏమిటంటే థెరపిస్టే ఇంటికి వెళ్ళింది, అమ్మో నాన్నో కూడా కూర్చుని వాయించారు, పాడారు. పదహారు వారాలు. పిల్లల భాషలో మార్పు తేలలేదు. కానీ ఇంట్లోనూ బయటా వాళ్ళు నలుగురితో మెలిగే తీరులో, తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య సంబంధంలో మెరుగుదల కనిపించింది. 2018లో మాంట్రియల్ నుంచి వచ్చిన 51 మంది పిల్లల అధ్యయనంలోనూ తల్లిదండ్రులు చెప్పిన మార్పుల్లో ఒకటి కుటుంబ జీవన నాణ్యత. 26 అధ్యయనాలని క్రోడీకరించిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఇలాగే రెండు మాటలు చెబుతుంది. మొత్తం మీద మెరుగుదల, జీవన నాణ్యత విషయంలో మేలు ఉండొచ్చు; మాట్లాడటం, కలవడం లాంటి నైపుణ్యాల్లో తేడా ఉందని మాత్రం స్పష్టంగా చెప్పలేం.

ఈ ఫలితాలని నేను ఇలా చదువుతాను. పాటని మందుబిళ్ళలా కొలిస్తే పాట ఓడిపోతుంది. ఇద్దరి మధ్య ఏం జరిగిందో కొలిస్తే ఏదో కనిపిస్తుంది. అయితే ఇక్కడ జాగ్రత్త పడాలి. 'మా పని కొలతలకి అందదు' అనే మాట చాలామంది బాబాలకీ పనికొస్తుంది. తల్లిదండ్రులు నింపిన ప్రశ్నావళిలో వాళ్ళ ఆశ కూడా కలిసి ఉంటుంది, అది నిజం. కాబట్టి కమ్యూనిటీ మ్యూజిక్ థెరపీ మీద నమ్మకం ఉన్నవాళ్ళు ముందు ఒక మాట ఒప్పుకోవాలి: ఇది ఆటిజాన్ని తగ్గించే చికిత్స కాదు. ఆ వాగ్దానం వదులుకుంటేనే దీని అసలు విలువ బయటపడుతుంది.

ఆ విలువ ఏమిటో ఇలాంటి పిల్లలున్న ఇళ్ళని కాస్త దగ్గరగా చూసినవాళ్ళకి తెలుసు. బర్త్‌డే పార్టీలకి పిలుపులు తగ్గుతాయి. పెళ్ళికి వెళ్తే పిల్లాడు డోలు చప్పుడుకి చెవులు మూసుకుని అరుస్తాడు, అమ్మ వాణ్ణి ఎత్తుకుని బయట కారులో కూర్చుంటుంది. సినిమా హాలు, గుడి, రైలు, అన్ని చోట్లా ఆమె అందరికీ 'సారీ' చెబుతూనే ఉంటుంది. వారం పొడుగునా స్పీచ్, ఆక్యుపేషనల్, బిహేవియర్ అంటూ సెంటర్ల చుట్టూ తిరిగేది ఆమే. ఇంటికొచ్చాక 'హోమ్‌వర్క్' చేయించేదీ ఆమే, ఉద్యోగం మానేసేది కూడా చాలావరకు ఆమే. ఆడుకోవడం కూడా 'టార్గెట్' అయిపోయాక తల్లి అనే మనిషి మిగలదు, జీతం లేని అసిస్టెంట్ థెరపిస్టు మిగులుతుంది. అలాంటి ఇంట్లో ఇద్దరూ ఏ టార్గెట్టూ లేకుండా గిన్నె మీద గరిటెతో దరువేసుకున్న పది నిమిషాలు భాషా పరీక్షలో ఒక్క మార్కు కూడా తేకపోవచ్చు. ఆ పది నిమిషాలు ఆ ఇంటికి ఎంత అవసరమో ఏ పరీక్షా చెప్పదు. నెలకోసారి ఎవరికీ సారీ చెప్పకుండా పిల్లాడితో పాటు కూర్చోగల ఒక హాలు ఉండటం ఇంకా పెద్ద విషయం.

సరిగ్గా ఇక్కడే నాకు ఈ పుస్తకంతో పేచీ. హాలు బాగా కనిపించింది, ఇల్లు తక్కువగా కనిపించింది. పిల్లలు తిరిగి వెళ్ళిన ఇళ్ళలో ఆ రాత్రి ఏం జరిగింది? తల్లులు ఏమనుకున్నారు? థాంప్సన్ అధ్యయనం అడిగిన ప్రశ్న ఈ పుస్తకం తగినంతగా అడగలేదు. ఇంకోటి, నలుగురు రచయితలూ అదే వృత్తివాళ్ళు. నిజాయితీగానే రాశారు, అయినా వాళ్ళ కన్ను సహజంగా కుదిరిన క్షణాల మీదికే వెళుతుంది. కుదరని రోజుల గురించి, మధ్యలో మానేసిన పిల్లల గురించి ఇంకా వినాలనిపిస్తుంది. ప్రాజెక్టుకి డబ్బు ఆగిపోయాక ఏమవుతుందన్న ప్రశ్న కూడా అంతే. అలవాటైన వంత హఠాత్తుగా ఆగిపోతే, అసలు మొదలుపెట్టకపోవడం కంటే అది ఎక్కువ బాధ పెట్టొచ్చు.

'సంగీతంతో సమాజోద్ధరణ' అనే మాట ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే వెనిజులా చూడాలి. 1975లో హోసే ఆంటోనియో అబ్రెయు మొదలుపెట్టిన 'ఎల్ సిస్తెమా' పేద పిల్లల్ని ఆర్కెస్ట్రాల్లో చేర్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2014లో జెఫ్రీ బేకర్ దాని మీద ఒక పుస్తకం రాసి, ఆ మెరుపు వెనక ఉన్న కఠిన క్రమశిక్షణనీ పైనుంచి కిందికి నడిచే అధికారాన్నీ ప్రశ్నించాడు. పిల్లాడు కండక్టర్ కర్రకి లోబడటమే సామాజిక పరివర్తన అవుతుందా? ఆర్కెస్ట్రాలో పిల్లాడు స్వరకర్తకి వంత. కమ్యూనిటీ మ్యూజిక్ థెరపీ, పేరుకి తగ్గట్టు ఉన్నప్పుడు, ఈ వరసని తిరగేస్తుంది. పెద్దలు పిల్లాడికి వంత.

మన దగ్గర ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి అనే వాదన ఈపాటికి కొందరికి తట్టి ఉంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో గొంతు బాగుందో లేదో ఎవరూ చూడరు, చప్పట్లు కలిస్తే చాలు. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, కోలాటం, అన్నిట్లోనూ వంతు ఉంది, ఆగడం ఉంది, అందుకోవడం ఉంది. నిజమే. పాటకి తెలుగులో 'అందుకోవడం' అనే క్రియ ఉండటమే ఎంత బాగుంటుంది! కానీ ఆ వలయంలోకి ఎవరు రావచ్చో కులం ఎన్నో చోట్ల ముందే నిర్ణయించింది. చెవులు మూసుకుని అరిచే పిల్లాణ్ణి ఆ వలయం ఎన్నడూ చేర్చుకోలేదు, ఇంట్లోనే దాచింది. కాబట్టి మన సంప్రదాయంలో పాటలున్నాయి, పద్ధతులున్నాయి. వచ్చినవాళ్ళని బట్టి పాటని మార్చుకునే అలవాటు మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

అది ఎక్కడ నేర్చుకోవాలి? ఖరీదైన సెంటర్లు పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. మండలాల్లో మాత్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి, ఊళ్ళలో అంగన్‌వాడీలున్నాయి. ఆటపాటలు అంగన్‌వాడీ టీచరు పనిలో ఇప్పటికే భాగం. ఆమె మీద ఇంకో బరువు వేసి, జీతం పెంచకుండా 'మ్యూజిక్ థెరపీ' అని పేరు పెడితే అది మోసం. శిక్షణ ఉన్న థెరపిస్టు ఒకరు కొన్ని కేంద్రాలు తిరుగుతూ టీచర్లతో, అమ్మానాన్నలతో, ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళతో, భజన బృందాలతో, పక్కింటి పిల్లలతో కలిసి పనిచేయడం ఊహించలేని విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని తన జాబితాలో చేర్చింది, సమాజంలో పాల్గొనే హక్కు గురించి మాట్లాడింది. ఆ హక్కు కాగితం మీద నుంచి ఒక హాల్లోకి రావాలంటే ముందు ఆ హాలు కావాలి.

ఇలాంటి ప్రయత్నం ఏదైనా మీ దగ్గర మొదలైతే, పిల్లాడు ఎంత మారాడని అడగడం ఎటూ తప్పదు. దానితో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేయండి. వాడి కోసం చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మారారు? థెరపిస్టు రాని వారం వాడికి వంత పాడింది ఎవరు? రెండో ప్రశ్నకి ఒక్క పేరైనా దొరికితే ఆ పని నిలబడినట్టే.